వికీ వ్యాసంలో గ్రంథచౌర్యం అనుమానం వస్తే: మధ్యయుగ ఇస్లామిక్ చరిత్ర వ్యాసాలను సరిచూసే పద్ధతి

తెలుగు వికీపీడియాలో బాగ్దాద్ ఖలీఫాలైన అబ్బాసీయుల గురించో ఈజిప్టును ఏలిన మమ్లూకుల గురించో చదువుతున్నప్పుడు, మూడు పేరాల దాకా తడబడుతూ నడిచిన భాష నాలుగో పేరాలో ఆచార్యుల ప్రసంగంలా మారితే అనుమానం కలగడం సహజమే. అయినా ఆ వ్యాసానికి జోడైన చర్చాపేజీలో వెంటనే ‘కాపీ’ అని రాయవద్దు. ముందు ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ చరిత్ర తెరిచి, ఆ పేరా ఒక్క దిద్దుబాటులో వచ్చి పడిందా, నెలల తరబడి కొద్దికొద్దిగా పెరిగిందా చూడండి.

తరువాత అందులో ఒక విలక్షణమైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఈ రంగంలో పేర్లు రాసే తీరే మంచి ఆనవాలు: క్రూసేడర్లను ఓడించిన సుల్తాను పేరు వ్యాసమంతా సలాహుద్దీన్ అని ఉండి, 1187 నాటి హత్తీన్ యుద్ధం దగ్గర మాత్రం ఆంగ్ల రూపమైన సలాదిన్ అయితే, ఆ భాగం ఆంగ్ల మూలం నుంచి వచ్చి ఉండవచ్చు. మంగోలుల చేతిలో బాగ్దాద్ పతనమైన హిజ్రీ (ఇస్లామిక్ పంచాంగం) 656ను క్రీ.శ. 1258కి బదులు వేరే ఏడాదిగా లెక్కగట్టిన పొరపాటు వ్యాసంలోనూ, అనుమానించిన మూలంలోనూ కనబడితే, అది అంతకన్నా బలమైన ఆధారం. సరైన తేదీలు కలవడం మాత్రం ఆధారం కాదు. 1260లో ఐన్ జాలూత్ వద్ద మమ్లూకులు మంగోలులను ఓడించారన్న సంగతి ఎవరి సొత్తూ కాదు.

ఎవరు ఎవరిని చూసి రాశారన్నదే అసలు ప్రశ్న. ధవళేశ్వరం దిగువన పుట్టిన మనకు నీరు ఏ లాకు దాటి ఏ కాలువలోకి దిగిందో చూడడం కొత్త కాదు. ఇక్కడా అదే చూపు కావాలి. ఒకసారి నేను కోనసీమకు చెందిన ఒక కొత్త వాడుకరిని ఒక వెబ్‌సైటు నుంచి కాపీ చేశారని తొందరపడి తప్పుబట్టాను. వెబ్ పుటల పాత ప్రతులను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో చూస్తే, ఆ వెబ్‌సైటు పుట మన వ్యాసం తరువాత ఏడాదికి వచ్చినదని, వారే మన వాక్యాలను ఎత్తుకున్నారని తేలింది. క్షమాపణ చెప్పాను, కానీ ఆ వాడుకరి మళ్లీ రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వెతుకులాటలో ఏమీ దొరకనంత మాత్రాన సొంత రచన అనుకోకూడదు. పాత తెలుగు పుస్తకమని తోస్తే, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట అచ్చు ప్రతి కోసం అడగండి. దొరికితే పుట సంఖ్య రాసుకోండి.

ఆంగ్ల వికీపీడియా నుంచి అనువదించడం తప్పు కాదు. ఆ సంగతి చెప్పకపోవడమే తప్పు కనుక, దిద్దుబాటు సారాంశంలో మూల వ్యాసానికి లింకు ఇస్తే సరిపోతుంది. 1911 నాటి బ్రిటానికా వంటి కాపీహక్కు తీరిన గ్రంథం నుంచి తీసుకున్నా దాని పేరు చెప్పవలసిందే. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది కాబట్టి, ఆ గడువు తీరని పుస్తకం నుంచి ఎత్తిన పాఠ్యాన్ని తీసివేసి, పాత కూర్పులను దాచమని నిర్వాహకులను కోరాలి.

తిరగరాయడం అంటే మాటలు మార్చడం కాదు. ‘ఖలీఫా లొంగిపోయిన పిమ్మట మంగోలు సేనలు నగరాన్ని కొల్లగొట్టాయి’ అన్నదాన్ని ‘ఖలీఫా లొంగిన తరువాత మంగోలు సైన్యాలు పట్టణాన్ని దోచుకున్నాయి’ అంటే మాటలు మారాయి కానీ వాక్యం ఎముకల గూడు అదే. రెండో మూలం కూడా చదివి, పుస్తకం మూసి, పాఠకుడికి ముందు ఏది తెలియాలో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇక రాసినవారికి సందేశం వారి పేజీలోనే, రెండు పాఠ్యాలనూ పక్కపక్కన చూపుతూ పెట్టండి: ‘నమస్కారమండీ. ఈ రెండు పేరాలూ దగ్గరగా ఉన్నాయి. మీరు ఏ పుస్తకం చూసి రాశారో చెబితే, ఇద్దరం కలిసి సరిచేద్దామండీ.’