చట్టం చదవడం నేర్చుకుందాం – 5: రద్దయిన చట్టంలో ఏమి మిగులుతుంది?

నిర్వచనాల సెక్షన్ ఎలా చదవాలో గత పాఠంలో చూశాం. ఈసారి నేరుగా చివరి పేజీకి వెళ్దాం. పాత చట్టాలను రద్దు చేసి, కలిపి, కొత్త సంహితలుగా తెస్తున్న ఈ కాలంలో ముందుగా చదవవలసింది ఆ పేజీనే. చాలామంది అక్కడిదాకా వెళ్లరు.

భారతీయ న్యాయ సంహిత, 2023 తెరవండి. అందులో ఆఖరిది 358వ సెక్షన్. దాని మొదటి ఉపసెక్షన్ 1860 నాటి శిక్షాస్మృతిని (ఐపీసీ) రద్దు చేస్తుంది. రెండోది ఆ రద్దుకు హద్దు గీస్తుంది: పాత చట్టం కింద అప్పటికే ఏర్పడిన హక్కులు, బాధ్యతలు, అప్పటికే జరిగిన నేరాలకు పడవలసిన శిక్షలు చెక్కుచెదరవు. అంటే రద్దయిన చట్టం కూడా పాత సంఘటనల మీద పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక అభ్యాసం. 2024 జూన్ 20న ఒక దొంగతనం జరిగింది. ఫిర్యాదు ఆలస్యంగా అందడంతో ఎఫ్‌ఐఆర్ జులై 5న నమోదైంది. కొత్త చట్టాలు జులై 1న అమలులోకి వచ్చాయి. ఏ చట్టం వర్తిస్తుంది? కిందకు చదివే ముందు మీ జవాబు కాగితం మీద రాసుకోండి.

ప్రశ్నను రెండుగా విడగొట్టాలి. నేరమేమిటి, శిక్ష ఎంత అన్నది నేరం జరిగిన రోజున ఉన్న చట్టాన్ని బట్టే తేలుతుంది. రాజ్యాంగం 20(1) అధికరణం చెప్పేది అదే. కాబట్టి పాత శిక్షాస్మృతి 379వ సెక్షన్. దర్యాప్తు తీరు వేరు. దర్యాప్తు, విచారణ ఎలా సాగాలో చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులోనూ ఆఖరిదైన 531వ సెక్షన్ చూడండి: జులై 1కి ముందే పెండింగులో ఉన్న దర్యాప్తులు, విచారణలు, అప్పీళ్లు మాత్రమే పాత నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) ప్రకారం సాగుతాయి. మన కేసులో అప్పటికి దర్యాప్తు మొదలే కాలేదు. కాబట్టి నేరం పాత చట్టం కింద, దర్యాప్తు కొత్త చట్టం కింద. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో రెండు కాలాల చట్టాలు కనిపిస్తే కంగారు పడకండి, అది పొరపాటు కాదు.

రద్దు సెక్షన్‌లో ఇలాంటి రక్షణ ఏదీ రాయకపోతే? అప్పుడు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ ఆదుకుంటుంది. కొత్త చట్టం వేరే ఉద్దేశం చూపనంతవరకు పాత హక్కులు, బాధ్యతలు, పెండింగు వ్యవహారాలు నిలుస్తాయి. ఇంత చిన్న చట్టం ఇంత పెద్ద భారం మోయడం నాకు ఎప్పుడూ అబ్బురమే. దాన్ని ఒకసారి పూర్తిగా చదవండి.

మొదటి సెక్షన్‌నూ వదలకండి. అమలు తేదీ ఎలా నిర్ణయమవుతుందో అక్కడ ఉంటుంది. న్యాయ సంహిత అమలులోకి వచ్చిన రోజున 106(2) ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన పెట్టారు. ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయే డ్రైవర్లకు సంబంధించిన నిబంధన అది. పుస్తకంలో అచ్చయినంత మాత్రాన అమలులో ఉన్నట్టు కాదు. గెజిట్ నోటిఫికేషన్ చూడాలి.

కాలం చెల్లిన 1,500కు పైగా చట్టాలను 2014 తర్వాత రద్దు చేశామని కేంద్రం చెబుతుంది. ఈ సంఖ్యను మాత్రం నిదానంగా చదవాలి. వాటిలో చాలావరకు సవరణ చట్టాలు. అవి తెచ్చిన మార్పులు అసలు చట్టంలో ఎప్పుడో కలిసిపోయాయి. సవరణ చట్టం పోయినా ఆ మార్పు పోదని జనరల్ క్లాజెస్ చట్టం 6ఎ సెక్షన్ చెబుతోంది. పుస్తకాల అర శుభ్రపడింది, మంచిదే. కానీ పౌరుడి హక్కు మారిందా అన్నది వేరే ప్రశ్న, దానికి ఒక్కో చట్టాన్నీ విడిగా చూడాల్సిందే.

వచ్చే పాఠానికి పని: వేతనాల కోడ్, 2019లో 69వ సెక్షన్ తీయండి. అది రద్దు చేసిన నాలుగు చట్టాల పేర్లు రాయండి. 1948 చట్టం కింద ఒక రాష్ట్రం ఇచ్చిన కనీస వేతన నోటిఫికేషన్ ఇప్పుడు చెల్లుతుందా, ఎంతవరకు చెల్లుతుంది? రెండో ఉపసెక్షన్‌లోని మాటలు చూపిస్తూ జవాబు రాయండి.