బరువు తగ్గే ప్రయత్నం మధ్యలోనే ఆగిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వ్యాయామం, తిండి నియమం మొదలుపెట్టి మానేసినవాళ్లు ఎక్కువగా తమ మనోబలాన్నే తిట్టుకుంటారు. చాలాసార్లు లోపం మనిషిలో ఉండదు, వేసుకున్న పద్ధతిలో ఉంటుంది. ఉత్సాహం సరిగ్గా ఎక్కడ సన్నగిల్లిందో చూస్తే కారణం బయటపడుతుంది.

సమస్య: మొదటి వారం రెండు కిలోలు తగ్గాను, తర్వాత ఏమీ కదలడం లేదు

మొదట పోయింది చాలావరకు నీరే. కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గించగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరూ పోతుంది. కొవ్వు అంత తొందరగా కరగదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి రోజుకు 500 కేలరీలు తగ్గించినా కిలో కరగడానికి పదిహేను రోజులు పడుతుంది. ఆలోగా ఉప్పెక్కువైన భోజనం, నెలసరి ముందు రోజులు, కొత్త వ్యాయామంతో కండరాల్లో చేరే నీరు, వీటిలో ఏదైనా ఆ తగ్గుదలను కప్పేస్తుంది. నిజంగా తగ్గుతున్న సమయంలోనే చాలామంది నిరాశపడి వదిలేసేది ఇందుకే.

పరిష్కారం: ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు రోజూ బరువు చూసి రాసుకోండి. ఏ ఒక్కరోజు అంకెనూ పట్టించుకోకుండా ఏడు రోజుల సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. నెలసరి వచ్చేవారు పోయిన నెల అదే దశలో ఉన్న వారంతో పోల్చుకోవాలి. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలవండి. వారానికి అర కిలో తగ్గితే మంచి వేగమే.

సమస్య: నాలుగు వారాలుగా సగటు కూడా కదలడం లేదు

లెక్కలోకి రాని తిండి ఉంటుంది. మొదట అనుమానించాల్సింది నూనెను. ఒక టేబుల్‌స్పూన్ నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు అంతే. గుప్పెడు గింజపప్పులు, తీపి పానీయాలు, వంట చేస్తూ రుచి చూసినవి ఆ తర్వాత వస్తాయి. పైగా బరువు తగ్గిన ఒంటికి మునుపటంత శక్తి అవసరం ఉండదు.

ఒక్క వారం పాటు నూనె, చక్కెర, గింజలు, ధాన్యం తూచి వాడండి. ధాన్యాన్ని పచ్చిగానే తూచాలి. ఉడికితే నీరు పీల్చి బరువు రెండు మూడింతలవుతుంది, లెక్క తప్పుతుంది. సెలవు రోజులనూ వదలొద్దు. ఎక్కువ ఎక్కడ పడుతోందో తెలిశాక రోజుకు 200-300 కేలరీలు తగ్గిస్తే చాలు.

సమస్య: పగలంతా బాగానే ఉంటాను, సాయంత్రమయ్యేసరికి ఆగలేను

పగలు మరీ తక్కువ తినడమే దీనికి మూలం. ఉదయం తిండిలోనే 20-25 గ్రాముల ప్రొటీన్ ఉండేలా చూసుకోండి. గుడ్డుకు దాదాపు 6 గ్రాములే వస్తుంది కాబట్టి ఒక్క గుడ్డు సరిపోదు. రోజు మొత్తానికి కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు తీసుకుంటే ఆకలి అదుపులో ఉంటుంది, కండ తరగడం తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన మోతాదు దాటకూడదు. నిద్ర ఏడు గంటలకు తగ్గుతోంటే ముందు దాన్ని సరిచేయండి. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరుగుతుంది.

సమస్య: రెండు వారాలకే వ్యాయామం మానేశాను

మొదటిరోజే గంటసేపు చేస్తే ఒళ్లు నొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల పాటు ఉంటాయి. ఆ విరామంలోనే అలవాటు తెగిపోతుంది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది చేరుకోవాల్సిన చోటు, మొదలుపెట్టే చోటు కాదు.

రోజుకు 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి 5 నిమిషాలు పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. వారంలో రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడకు పుషప్‌లు పదేసి చొప్పున రెండు విడతలు చేయండి. "వీలైనప్పుడు చేస్తాను" అనుకుంటే ఆ వీలు రాదు. పళ్లు తోముకోగానే బూట్లు వేసుకోవడం లాగా, ఎలాగూ రోజూ చేసే పనికి ముడిపెట్టండి. అస్సలు మనసు రాని రోజున ఐదు నిమిషాలు చేసి ఆపేసినా ఫర్వాలేదు. 2010లో లండన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు స్థిరపడటానికి పట్టిన మధ్యగత కాలం 66 రోజులు, కొందరికి 18, కొందరికి 254. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్దగా నష్టం జరగలేదు.

సమస్య: ఒక్క విందుతో అంతా పాడైంది

వెయ్యి కేలరీలు ఎక్కువ తిన్నా చేరే కొవ్వు 130 గ్రాములు దాటదు. మర్నాడు కనిపించే కిలో పెరుగుదల చాలావరకు ఉప్పు, నీరు, ఇంకా అరగని తిండి. తర్వాతి పూట మామూలుగా తినండి. పస్తుంటే ఆ సాయంత్రమే మళ్లీ అతిగా తింటారు.

ఇవేవీ కాకపోతే

విపరీతమైన నీరసం, చలి తట్టుకోలేకపోవడం, నెలసరి తప్పడం ఉంటే థైరాయిడ్ వంటి పరీక్షల కోసం వైద్యుణ్ని కలవండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక చికిత్స మందులు బరువు పెంచుతాయి, కానీ వాటిని సొంతంగా ఆపకండి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు తిండి తగ్గించడానికి ముందే మోతాదు గురించి అడగాలి, లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వ్యాయామంలో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే అక్కడికక్కడే ఆపి వైద్య సహాయం తీసుకోండి.