రాజీ బేరం ఎక్కడ బెడిసికొడుతుంది?

బాకీలో కొంత ఒకేసారి కట్టి, మిగతాది మాఫీ చేయించుకోవాలనుకునేవారికి ఎదురయ్యే చిక్కులివి. క్రెడిట్ కార్డు, వ్యక్తిగత రుణం లాంటి తాకట్టు లేని అప్పుల సంగతే ఇక్కడ చెబుతున్నాను. ఇల్లు తనఖాలో ఉంటే రుణదాతకు తగ్గాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

సమస్య: "పైసా తగ్గించం" అంటున్నారు

కారణం: వాయిదాలు సక్రమంగా వస్తున్న అప్పును ఎవరూ తగ్గించుకోరు. 90 రోజులు బకాయి పడితే చాలా దేశాల్లో బ్యాంకులు దాన్ని మొండి బాకీ కింద లెక్కగడతాయి. బేరానికి తావు దొరికేది సాధారణంగా ఆ తర్వాతే. అలాగని రాయితీ కోసం కావాలనే ఎగ్గొట్టమనే సలహాదారులను నమ్మకండి. వడ్డీ, అపరాధ రుసుము పెరుగుతూనే ఉంటాయి, దావా కూడా పడవచ్చు.

పరిష్కారం: ఫోన్ చేసే ఏజెంటుకు తగ్గించే అధికారం తరచూ ఉండదు. రాజీలు చూసే విభాగానికి రాతపూర్వకంగా వెళ్లండి. ఆదాయం, తప్పనిసరి ఖర్చులు, ఇతర అప్పులు ఒక్క పేజీలో చూపండి. కష్టాల కథకన్నా ఆ పేజీయే ఎక్కువ పని చేస్తుంది.

సమస్య: భారీ రాయితీ అన్నారు, తీరా చూస్తే మిగిలిందేమీ లేదు

కారణం: శాతం దేని మీదో అడగలేదు. అసలు లక్ష, వడ్డీ, రుసుములు కలిసి 1,60,000 అయిందనుకోండి. "40 శాతం మాఫీ" అంటే కట్టాల్సింది 96,000. అంటే దాదాపు అసలంతా!

పరిష్కారం: అసలు, వడ్డీ, రుసుములు విడివిడిగా రాసిమ్మనండి. కట్టగలిగిన దానికన్నా బాగా తక్కువ దగ్గర బేరం మొదలుపెట్టండి. చేతిలో ఎంత ఉందో ముందే బయటపెట్టకండి.

సమస్య: కట్టేశాక కూడా మిగతా బాకీ అడుగుతున్నారు

అన్నింటికన్నా బాధాకరమైనది ఇదే, పూర్తిగా నివారించదగినదీ ఇదే.

కారణం: నోటిమాట నమ్మి సొమ్ము పంపడం. రాతలో ఒప్పందం లేకపోతే మీరు కట్టింది మామూలు జమగా ఖాతాలో పడుతుంది. మిగిలిన బాకీని ఇంకో సంస్థకు అమ్మేస్తే, కొత్తవారికి మీ ఒప్పందం సంగతే తెలియకపోవచ్చు.

పరిష్కారం: లేఖ చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా కదలకూడదు. ఖాతా నంబరు, కట్టాల్సిన మొత్తం, గడువు, "పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరిస్తాం" అనే మాట అందులో ఉన్నాయా చూడండి. "పాక్షిక చెల్లింపు" అని ఉంటే తిప్పి పంపండి. హామీదారు ఉంటే ఆయన బాధ్యతా తీరినట్లు రాయించండి. గడువు దాటితే ఒప్పందం రద్దవుతుందన్న షరతు మామూలే కాబట్టి రెండు మూడు రోజుల ముందే కట్టండి. అదీ సంస్థ ఖాతాకే, ఏజెంటు సొంత ఖాతాకు ఎప్పుడూ వద్దు. ఆ తర్వాత బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, లేఖతో కలిపి దాచుకోండి.

సమస్య: అప్పు తీరినా క్రెడిట్ స్కోరు కోలుకోలేదు

కారణం: మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ నివేదికలో "పూర్తిగా చెల్లించారు" అని కాక "సెటిల్డ్" (కొంత మాఫీతో ముగిసింది) అని నమోదు కావడం. కొత్తగా అప్పిచ్చేవారికి అది మచ్చే.

పరిష్కారం: ఎలా నమోదు చేస్తారో బేరంలోనే అడగండి. తర్వాత మార్చడం కష్టం.

సమస్య: మాఫీ అయిన సొమ్ముకు పన్ను కట్టమంటున్నారు

కొన్ని దేశాల్లో మాఫీని ఆదాయంగా లెక్కిస్తారు. అమెరికాలో 600 డాలర్లు, అంతకు మించిన మాఫీని బ్యాంకులు పన్ను శాఖకు తెలియజేయాలి. సంతకం చేయకముందే పన్ను నిపుణుణ్ని అడిగి, ఆ భారాన్నీ లెక్కలో కలుపుకోండి.