ఆఫీసు ఫోన్లలో మాట తెగిపోతుంటే, వీడియో ఆగిపోతుంటే ఎక్కడ వెతకాలి?

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి, అక్కడి ఫోన్లు ఇంటర్నెట్ మీదే నడుస్తాయి. బ్రహ్మోత్సవాలు దగ్గరపడితే రిసెప్షన్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒకరు తమిళంలో, ఇంకొకరు కన్నడంలో గది ఉందా అని అడుగుతుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సాయంత్రం ఏడు దాటితే మాట తెగిపోవడం మొదలైంది. నన్ను పిలిచేసరికే రెండు ఫోన్లు, ఒక రూటర్ కొత్తవి కొనేశారు. సమస్య మాత్రం అలాగే ఉంది. రిసెప్షన్ కుర్రాడు ఒక్క మాట చెప్పాడు: "మాకు బాగానే వినిపిస్తాంది అన్నా, మా మాటే వాళ్లకు తెగిపోతాందంట." సగం జవాబు ఆ మాటలోనే దొరికింది.

అందుకే ఏ వస్తువూ మార్చకముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి మాట ఎవరికి సరిగా వినిపించడం లేదు? ఏ టైముకి? కాల్ కలిసిన ఎంతసేపటికి? వీటికి జవాబులు రాసుకుంటే కాల్స్ నాణ్యత కొలిచే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ కాల్ తెరవాలో, అందులో ఏ అంకె చూడాలో తెలుస్తుంది. ఫోన్లు, పీబీఎక్స్ (ఆఫీసు కాల్స్ కలిపే యంత్రం), రూటర్ అన్నీ ఎన్‌టీపీతో (గడియారాలు కలిపే పద్ధతి) ఒకే టైము చూపించేలా పెట్టుకోవడం కూడా ముఖ్యం. ఒక్కో లాగ్‌లో ఒక్కో టైము ఉంటే ఏ కాల్ ఏదో పోల్చుకోలేం.

మాట ముక్కలుగా వినిపిస్తుంటే

సాఫ్ట్‌వేర్‌లో ఆ కాల్ తెరిచి మూడు అంకెలు చూడండి. ప్యాకెట్ లాస్ (మాటను మోసే డేటా ముక్కల్లో దారిలో పోయినవి) 1 శాతం లోపు, జిట్టర్ (ఆ ముక్కలు చేరే టైములో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట్లాడేవాళ్లకు ఇబ్బంది తెలియదు. ఈ 150 అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ఇచ్చిన లెక్క. మోస్ స్కోరు (మాట నాణ్యతకు ఇచ్చే మార్కు) ఒక్కటే చూసి నమ్మకండి. అది చాలాసార్లు కాల్ మొత్తానికి సగటు. పది నిమిషాల కాల్‌లో ఇరవై సెకన్లు మాట పూర్తిగా పోయినా స్కోరు బాగానే కనిపిస్తుంది.

లాస్‌ను రెండు దిశల్లో విడివిడిగా చూడాలి. కాల్ నడుస్తుండగా రెండువైపులా పంపుకునే ఆర్‌టీసీపీ రిపోర్టుల వల్ల అవతలి ఫోన్‌కు మన ప్యాకెట్లు ఎన్ని చేరలేదో కూడా తెలుస్తుంది. లాడ్జిలో వచ్చే దిశ శుభ్రంగా ఉంది, వెళ్లే దిశలోనే లాస్ ఉంది. అంటే అప్‌లోడ్ నిండిపోతోంది. వెతికితే సీసీ కెమెరాల రికార్డింగు రోజూ ఏడింటికి క్లౌడ్‌కు వెళ్లేలా ఎవరో పెట్టి ఉంచారు.

ఇలాంటప్పుడు చాలామంది పెద్ద ప్లాన్ తీసుకుంటారు. లెక్క చూడండి. మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు 50 ప్యాకెట్లు, ఈథర్‌నెట్ మీద దాదాపు 87 కిలోబిట్లు. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ నిండదు. మాటకు చోటు లేక కాదు, బ్యాకప్ వెనక క్యూలో నిలబడాల్సి వచ్చి మాట పాడవుతోంది. రూటర్‌లో అప్‌లోడ్ వేగాన్ని, కొలిచినప్పుడు వచ్చిన దానికన్నా కాస్త తక్కువకు కట్టేయండి. అప్పుడు క్యూ మన చేతిలో ఉంటుంది. ఆ క్యూలో మాటకు డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద వేసే ప్రాధాన్య ముద్ర) 46, వీడియోకు 34 గుర్తు పెట్టి ముందు పంపండి. మన గేటు దాటాక ఇంటర్నెట్‌లో ఆ గుర్తుకు విలువ ఇస్తారన్న భరోసా లేదు. కానీ ఇరుకు మన అప్‌లోడ్ దగ్గరే కాబట్టి ఆ మేరకు పనిచేస్తుంది. లాడ్జి బ్యాకప్‌ను రాత్రి రెండింటికి మార్చాను. తిరుపతిలో ఆ టైముకి కూడా రైలు దిగి గది కోసం ఫోన్ చేసేవాళ్లుంటారు, అందుకే బ్యాకప్ వేగానికి పరిమితి కూడా పెట్టాను.

ఒక్క టేబుల్ దగ్గరే సమస్య ఉంటే ఇంటర్నెట్ జోలికి పోకండి. స్విచ్‌లో ఆ పోర్టు ఎర్రర్ లెక్క చూడండి. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన డేటా లెక్క) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి. కేబుల్ బాగుంటే డూప్లెక్స్ చూడాలి. ఫుల్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి; హాఫ్ అంటే ఒకదాని తర్వాత ఒకటి. ఒకవైపు ఫుల్ డూప్లెక్స్ అని గట్టిగా పెట్టి, రెండోవైపు ఆటోలో వదిలేస్తే ఆటో ఉన్నవైపు హాఫ్‌కు పడిపోతుంది. రెండువైపులా ఆటోలో పెడితే సరిపోతుంది.

ప్యాకెట్లు ఏ రూటర్ల మీదుగా పోతాయో చూపించే ట్రేస్‌రూట్‌లో మధ్య మజిలీలో లాస్ కనిపించి, చివరి మజిలీలో లేకపోతే దాన్ని వదిలేయండి. ఆ రూటర్ మన పరీక్షకు జవాబివ్వడం తగ్గించిందంతే, మాటను ఆపడం లేదు.

ఒకవైపే వినిపిస్తుంటే

దీనికి కారణం ఎక్కువసార్లు నాట్, అంటే ఆఫీసు లోపలి అడ్రసులను రూటర్ బయటి అడ్రసుగా మార్చడం. కాల్ కలిపే సిప్ సందేశంలో "నా మాట ఈ అడ్రసుకు పంపు" అని ఉంటుంది. సిప్ సందేశాలు చూపించే ఎస్ఎన్‌గ్రెప్‌లో ఆ సందేశం తెరవండి. బయటికి వెళ్లే సందేశంలో 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసు ఉంటే, అవతలివాళ్లు మనకు పంపే మాట దారి తప్పుతుంది. పీబీఎక్స్ సెట్టింగుల్లో బయటి ఐపీ అడ్రసు రాయండి. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఉంటే ఆపండి. సాయం చేద్దామని అడ్రసులు దిద్ది, పాడుచేసే రూటర్లు చాలా చూశాను. ఆ తర్వాత మాట వెళ్లే ఆర్‌టీపీ పోర్టులు ఫైర్‌వాల్‌లో తెరిచి ఉన్నాయో లేదో చూడండి. పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్‌తో వచ్చే మామూలు అమరికలో అవి 10000 నుంచి 20000 వరకు.

కచ్చితంగా ఒకే టైముకి కట్ అవుతుంటే

32 సెకన్లకు కాల్ పోతుంటే గడియారం చూసి మళ్లీ రెండుసార్లు కాల్ చేయండి. ప్రతిసారీ అంతే అయితే, కాల్ ఎత్తామన్న కబురుకు రావాల్సిన ఏసీకే తిరిగి రావడం లేదు. సిప్ ప్రమాణం ప్రకారం 32 సెకన్లు చూసి కాల్ వదిలేస్తారు. ఇదీ నాట్, ఏఎల్‌జీ సంగతే. 15 లేదా 30 నిమిషాలకు పోతుంటే సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందా అని చూసుకునే గడువు) చూడండి. దాని మామూలు విలువ 1800 సెకన్లు, సగం గడిచాక మళ్లీ పలకరింపు వెళ్తుంది. అప్పటికే ఫైర్‌వాల్ ఆ దారి మూసేసి ఉంటే కాల్ పోతుంది.

ఎకో వినిపిస్తుంటే అవతలివైపు ఫోన్ పరీక్షించండి. ఎకో వినేవాళ్ల దగ్గర సాధారణంగా తప్పు ఉండదు. "ఒకటి నొక్కండి" అన్నచోట నొక్కినా పలకకపోతే డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెను పంపే) పద్ధతి రెండువైపులా ఒకటే ఉందో లేదో చూడండి. కాల్ కలవకుండా సిప్ జవాబుగా 488 అని వస్తే ఎక్కువగా కోడెక్ కుదరలేదని అర్థం.

వీడియో బిగుసుకుపోతుంటే

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి సీజన్ వచ్చిందంటే విదేశీ కొనుగోలుదారులతో రోజూ వీడియో మీటింగులు. స్పీడ్ టెస్ట్‌లో అంతా బాగుంది, బొమ్మ మాత్రం ఆగిపోతోంది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ అడ్మిన్ సెంటర్‌లో ఆ మీటింగు తెరిస్తే వీడియో యూడీపీ (పోయిన ప్యాకెట్టు కోసం ఆగని పద్ధతి) మీద కాకుండా టీసీపీ మీద వెళ్తోందని తేలింది. టీసీపీలో పోయిన ప్యాకెట్టు మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగుతాయి. దాంతో కొంచెం లాస్ ఉన్నా బొమ్మ బిగుసుకుపోతుంది. ఫైర్‌వాల్‌లో బయటికి వెళ్లే యూడీపీ పోర్టులు 3478 నుంచి 3481 వరకు తెరిచాక సర్దుకుంది. వీపీఎన్ వాడే ఆఫీసుల్లో మీటింగు ట్రాఫిక్‌ను వీపీఎన్ బయటి నుంచి పోనివ్వండి.

అప్పుడప్పుడే వచ్చే సమస్య అయితే ప్యాకెట్లు పట్టి చూపించే వైర్‌షార్క్‌ను పాత ఫైళ్లు తనే చెరిపేసుకునేలా రింగ్ బఫర్‌లో నడిపించి వదలండి. టెలిఫోనీ మెనూలో ఆర్‌టీపీ స్ట్రీమ్స్ తెరిస్తే లాస్, జిట్టర్ కనిపిస్తాయి. ఎన్‌క్రిప్షన్ లేని కాల్స్ అందులో మాటతో సహా వినొచ్చు. ఆస్పత్రుల్లో రోగులు తమ బాధలు చెప్పుకుంటారు. యాజమాన్యం అనుమతి లేకుండా కాల్స్ పట్టకండి, పని అయ్యాక ఫైళ్లు చెరిపేయండి. ఎస్ఆర్‌టీపీ (ఎన్‌క్రిప్షన్ ఉన్న ఆర్‌టీపీ) పెట్టినా పరీక్ష ఆగదు. మాట వినపడదు గానీ ప్యాకెట్ల వరస నంబర్లు కనిపిస్తాయి, కొలవడానికి అవి చాలు.

తప్పు మనవైపు లేదని తేలితే ఫోన్ సర్వీసు ఇచ్చేవాళ్లకు మూడు కాల్స్ వివరాలు పంపండి. ఒక్కోదానికి టైము, రెండు నంబర్లు, సిప్ కాల్ ఐడీ, ఏ దిశలో ఎంత లాస్ ఉందో రాయండి. "మాట సరిగా రావడం లేదు" అని మాత్రమే రాస్తే, రూటర్ ఆపి మళ్లీ పెట్టమనే జవాబే వస్తుంది.