పశువుల పాక కట్టే ముందు ఎద్దు ఎక్కడిదో తేల్చుకుందాం

డిసెంబరు వచ్చిందంటే గుంటూరులో వీధికి పది స్టార్లు వేలాడతాయి, సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి, మా ఇంట్లో అయితే అటక మీంచి పాత అట్టపెట్టె దిగుతుంది. అందులో పాక బొమ్మలు, అంటే యేసు పుట్టిన పశువుల పాకని ఇంట్లో కట్టి అందులో పెట్టే బొమ్మలు. పోయినేడు మా అక్క కొడుకు, ఎనిమిదేళ్లవాడు, ఒక్కో బొమ్మా తుడిచి వరసగా పెడుతూ "మామయ్యా, బైబిల్లో ఎద్దు ఎక్కడుంది?" అన్నాడు. లూకా రెండో అధ్యాయం తీశాను, లేదు. మత్తయి తీశాను, అక్కడా లేదు. గాడిద కూడా లేదు. చిన్నప్పటి నుంచీ పాక కడుతున్నాను గానీ ఆ అనుమానం నాకెప్పుడూ రాలేదు.

అందుకని ఈసారి పాక ఎలా కట్టాలో, అందులో పెట్టేది ఏది ఎక్కడి నుంచి వచ్చిందో రెండూ కలిపి రాస్తున్నాను. పిల్లలున్న ఇంట్లో రెండోది తెలియకపోతే మొదటిది సాగదు.

ముందు పాక. ఫ్రిజ్‌దో వాషింగ్ మెషిన్‌దో అట్టపెట్టె ఒక వైపు కోసేస్తే గోడలు సిద్ధం. పైన రెండు వెదురు బద్దలు కట్టి వరిగడ్డి కప్పాలి. తెనాలి వైపు ఆ రోజుల్లో కోతలు నడుస్తుంటాయి, తెలిసినవాళ్లని అడిగితే బైక్ వెనక కట్టుకొచ్చేంత గడ్డి ఊరికే ఇస్తారు. తెచ్చిన రోజే ఇంట్లో పెట్టకండి, డాబా మీద ఒక రోజంతా ఎండలో పరిచి దులపండి, లేకపోతే పురుగులన్నీ హాల్లో తిరుగుతాయి. గడ్డిని పిడికెడు పిడికెడు కట్టలుగా పురికొసతో కట్టుకుని, చూరు దగ్గర మొదలుపెట్టి పై వరస కింది వరస మీదకి వచ్చేలా పేర్చాలి. నిజం పూరిల్లు కప్పేవాళ్లు చేసేదీ ఇదే. ఫెవికాల్‌తో అంటించిన గడ్డి రెండు రోజులకి రాలుతుంది, కట్టినది రాలదు.

లూకా పాక గురించి ఒక్క మాట కూడా రాయలేదు. పొత్తిగుడ్డలు, సత్రంలో చోటు లేకపోవడం, పశువుల తొట్టి, అంతే. తొట్టి ఉంది కాబట్టి పాక ఉండి ఉంటుందని మనం అనుకున్నాం. బేత్లెహేములో పాత చర్చి నిలబడింది ఒక గుహ మీద, రెండో శతాబ్దం నుంచే యేసు గుహలో పుట్టాడనే మాట ఉంది. గడ్డి దొరకని వాళ్లు బ్రౌన్ పేపరు బాగా నలిపి గుహలా నిలబెట్టినా తప్పేం లేదు, ఒక రకంగా అదే పాత పద్ధతి.

ఇప్పుడు ఎద్దు, గాడిద. పాత నిబంధనలో యెషయా మొదటి అధ్యాయంలోనే, ఎద్దుకి తన యజమాని తెలుసు, గాడిదకి తన యజమాని తొట్టి తెలుసు అని ఒక వాక్యం ఉంది. తొట్టి మాట చూసి ఆ రెండింటినీ తెచ్చి ఇక్కడ కలిపారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ అస్సీసీ అనే క్రైస్తవ సన్యాసి నిజం ఎద్దునీ గాడిదనీ తోలుకొచ్చి, గడ్డి పరిచి, జనం కళ్ల ముందు ఆ రాత్రిని నిలబెట్టాడు. మన ఇళ్లలో పాక కట్టే అలవాటు పెరిగింది దాని నుంచే. కాబట్టి ఎద్దు ఉంచండి. పిల్లలు అడిగితే మాత్రం ఇది యెషయా ఎద్దు అని చెప్పండి.

బొమ్మల సెట్టు కొనలేని వాళ్లకి, కొని విరగ్గొట్టుకున్న మా లాంటి వాళ్లకి, ఒక మాట. విజయవాడ పక్కనే కొండపల్లి ఉంది. తెల్ల పొణికి కర్రతో చేసే ఆ బొమ్మల్లో ఆవులు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, నీళ్లు మోసే ఆడవాళ్లు అన్నీ దొరుకుతాయి. గొర్రెల కాపరి స్థానంలో గొంగళి వేసుకున్న మన ఊరి మనిషి నిలబడితే నాకు పిచ్చి ఇష్టం. ఇదేం పద్ధతి అని మా పిన్ని మొహం చిట్లించింది గానీ, ఇటలీలోని నేపుల్స్‌లో వాళ్లు పాకలో రొట్టెలు కాల్చేవాణ్ణి, చేపలమ్మేవాణ్ణి, వీధిలో కనపడే ప్రతివాణ్ణీ పెడతారు. అయినా బొమ్మల కొలువు చూస్తూ పెరిగినవాళ్లం, మెట్ల మీద బొమ్మలు సర్దడం మనకి ఒకరు నేర్పాలా!

బాలయేసుని చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల దగ్గర అందరం తప్పు చేస్తాం. మత్తయి ఎంతమందో చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలున్నాయి గనక ముగ్గురన్నారు. రాజులనీ చెప్పలేదు, ఒంటెలు కూడా యెషయా అరవయ్యో అధ్యాయం నుంచే నడిచొచ్చాయి. పైగా వాళ్లు వచ్చింది ఇంట్లోకి, తొట్టి దగ్గరికి కాదు. మేమిప్పుడు ఏం చేస్తున్నామంటే, జ్ఞానుల్ని పాకలో పెట్టం, హాలుకి తూర్పు వైపు కిటికీ గట్టు మీద పెట్టి రోజుకి జానెడు చొప్పున జరుపుతూ జ్ఞానుల రాకని గుర్తుచేసుకునే జనవరి 6కి పాక దగ్గరికి తెస్తాం. స్పెయిన్‌లో పిల్లలకి కానుకలు తెచ్చేది శాంతా కాదు, ఈ ముగ్గురే, అదీ ఆ రోజే. బాలయేసు బొమ్మని 24 రాత్రి ఆరాధన నుంచి వచ్చాకే తొట్టిలో పెట్టాలి, అప్పటిదాకా తొట్టి ఖాళీ. మా ఇంట్లో అది బియ్యం డబ్బాలో దాక్కుంటుంది.

మంచు కోసం దూది వేస్తారు కదా. పత్తి పండే జిల్లాలో ఉండి, డిసెంబరు మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకుని, బేత్లెహేము పాక మీద యూరప్ మంచు కురిపిస్తున్నాం. అది మీ ఇష్టం. దూది, గడ్డి, సీరియల్ లైట్లు మూడూ ఒకచోట చేర్చడం మాత్రం వద్దే వద్దు. ఒక ఏడాది చవకగా వచ్చాయని తెచ్చిన లైట్ల వైరు ఒక జాయింటు దగ్గర కమిలి, పక్కనున్న దూది గోధుమరంగుకి తిరిగింది. వాసన అమ్మ పట్టింది కాబట్టి సరిపోయింది. ఎల్‌ఈడీ లైట్లే కొనండి, పాక లోపల కాకుండా వెనక గోడకి కట్టండి, పడుకునే ముందు స్విచ్ కట్టేయండి. కొవ్వొత్తి దగ్గరికే రానివ్వద్దు.

చెట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అది జర్మనీ అలవాటు, 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో పడ్డాక ఇంగ్లండంతా పాకింది. బాపట్ల వైపు నుంచి వచ్చే సరుగుడు కొమ్మ ఒకటి ఇసుక బకెట్లో పాతండి, చాలు. బయట కట్టే స్టార్ కూడా జర్మనీదే అంటారు, 1830లలో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ వాళ్ల బళ్లో లెక్కల పాఠం కోసం కాగితంతో చేసిన నక్షత్రం ఇలాంటివాటికి పెద్దన్న.

క్రిస్మస్ తాతని పాకలో నిలబెట్టొద్దు, ఇది మాత్రం నా పట్టుదల. ఆయనకి మూలమైన మనిషి నికోలస్, ఇప్పటి టర్కీలోని మైరాలో బిషప్పు, నాలుగో శతాబ్దం వాడు, పండగ డిసెంబరు 6న. చర్చిలో మార్టిన్ లూథర్ సంస్కరణ వచ్చాక జర్మనీలో ఆయన పక్షం ప్రొటెస్టెంట్లు పునీతుడు కానుకలివ్వడమేంటని ఆ పని బాలయేసుకి అప్పజెప్పారు. తమాషా ఏంటంటే, ఇప్పుడు బాలయేసు తిరిగేది ఎక్కువగా బవేరియా, ఆస్ట్రియా లాంటి కేథలిక్ ప్రాంతాల్లో, ప్రొటెస్టెంట్ ఉత్తరాన తిరిగేది తెల్లగడ్డం తాత. గుంటూరుకి 1842లో హేయర్ దొర అనే మిషనరీతో వచ్చింది కూడా లూథరన్ మిషనే, ఇక్కడ క్యారల్స్ బృందం ముందు చెమటలు కక్కుతూ గంతులేసేదీ ఆ తాతే.

చుట్టాల్లో ఎవరో ఒకరు వచ్చి "డిసెంబరు 25 బైబిల్లో లేదు, మేం చేయం" అంటారు. వాళ్ల మీద విసుక్కోకండి, తేదీ నిజంగానే లేదు. క్రీ.శ. 354 నాటి రోమ్ క్యాలెండర్లో ఈ తేదీ కనపడుతుంది, అర్మేనియా చర్చి ఇప్పటికీ జనవరి 6న చేస్తుంది, ఇంగ్లండ్ పార్లమెంటు 1647లో ఈ పండగని నిషేధించింది, మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా చేసుకున్నవాళ్లకి ఐదు షిల్లింగుల జరిమానా. నిషేధించినవాళ్లు కూడా గట్టి క్రైస్తవులే. వాళ్ల మాట వాళ్లని చెప్పనిచ్చి అరిసెలు పెట్టండి. మా బాబాయి అయితే తేదీ తప్పంటూనే బిర్యానీకి కూర్చుంటాడు.

జనవరి 6 దాటాక విప్పేయండి. ముందు గుండుసూదులన్నీ ఏరండి, బొమ్మల్ని పాత పంచె ముక్కల్లో చుట్టి పెట్టెలో రెండు కలరా ఉండలు వేయండి. జిగురు, మెరుపుపొడి అంటిన గడ్డి గేదెకి వేయకూడదు. మాది మెరుపుపొడి వేయని గడ్డే అయినా అట్టముక్కలతో కలిపి మెట్ల కింద పెడతాం, పై వాటా పిల్లలు భోగి మంటకని వచ్చి ఎత్తుకుపోతారు.