టర్బో కారుకు ఇంధనం కొలత – 6వ పాఠం: బూస్ట్ గడుల్లోకి వెళ్లే ముందు

5వ పాఠం చివర క్రూజ్ గడులు, అంటే కారు నిలకడ వేగంలో పోతున్నప్పుడు వాడే ఇంధన టేబుల్ గడులు, సరిచేసుకుని రమ్మన్నాను. ఈసారి నేరుగా బూస్ట్ (టర్బో గాలిని వాతావరణ పీడనం కంటే ఎక్కువగా నెట్టే స్థితి) మొదలుపెట్టాలి. కానీ మీరు పంపిన లాగ్‌లు, టేబుళ్లు చూశాక సగం పాఠం పాత పనికే ఇవ్వక తప్పడం లేదు. చాలామంది వీఈ టేబుల్ (ఒక్కో ఆర్‌పీఎం, ఒక్కో గాలి పీడనం దగ్గర ఇంజిన్ సిలిండర్‌ను గాలితో ఎంత శాతం నింపుకుంటుందో చెప్పే పట్టిక) రంపపు పళ్లలా తయారైంది. 2500 ఆర్‌పీఎం, 60 కేపీఏ (కిలోపాస్కల్) గడిలో 64 ఉంటే పక్క గడిలో 75, దాని పక్కన మళ్లీ 66. మన ఉదాహరణ ఇంజిన్ 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. అది గాలి పీల్చే తీరు 500 ఆర్‌పీఎం తేడాలో అంతగా మారదు. కాబట్టి ఆ ఎగుడుదిగుళ్లు సరిచేసే పద్ధతిలోంచి వచ్చినవే.

ఎక్కువమందికి జరిగింది ఇది: క్లోజ్డ్ లూప్ (ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, సెన్సార్ చూసి ఇంధనాన్ని సవరించే పద్ధతి) ఆఫ్ చేయకుండా లాగ్ తీశారు. వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్) చూసి ఈసీయూ తనంతట తానే 8 శాతం ఇంధనం కలుపుతుంటే ల్యాంబ్డా (గాలికి సరిపడా ఇంధనం ఉంటే 1.00, ఇంధనం తక్కువైతే అంతకు పైన, ఎక్కువైతే కింద) 1.00 దగ్గరే నిలబడుతుంది. లాగ్ చూసేవారికి గడి సరిగ్గా ఉందనిపిస్తుంది, నిజానికి ఆ గడి 8 శాతం తక్కువ. పక్క గడిలో కరెక్షన్ ఇంకా అందుకోలేదు కాబట్టి అక్కడ మాత్రం సవరించారు. అందుకే ఒక పన్ను పైకి, ఒకటి కిందికి. సూత్రం పూర్తిగా రాసుకోండి:

కొత్త వీఈ = పాత వీఈ × (కొలిచిన ల్యాంబ్డా ÷ టార్గెట్ ల్యాంబ్డా) × (ఈజీఓ కరెక్షన్ ÷ 100)

ఈజీఓ కరెక్షన్ అంటే క్లోజ్డ్ లూప్ చేసే సవరణే, 100 అంటే సవరణ లేనట్టు. ఈజీఓ ఆఫ్‌లో ఉంటే చివరి ముక్క 1 అవుతుంది. నా మాట వింటే ట్యూనింగ్ జరిగినంత కాలం దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

మరికొందరు కాలు కదులుతున్నప్పటి శాంపిళ్లు కూడా లెక్కలోకి తీసుకున్నారు. థ్రాటిల్ కదిలినప్పుడు యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ పనిచేస్తుంది, ఆ ఇంధనం వీఈది కాదు. కూలెంట్ 80 డిగ్రీలు దాటాలి, థ్రాటిల్ కనీసం ఒక సెకను కదలకుండా ఉండాలి, ఆర్‌పీఎం గడి మధ్యనుంచి 150 లోపు, మ్యాప్ (మ్యానిఫోల్డ్‌లో గాలి పీడనం) 4 కేపీఏ లోపు ఉండాలి. అలాంటి శాంపిళ్లు 20 లేకపోతే ఆ గడిని ముట్టుకోకండి, పక్క గడులను చూసి చేత్తో నునుపు చేయండి. ఒకే లాగ్‌తో రెండుసార్లు సవరించడం కూడా కనిపించింది. టేబుల్ బర్న్ చేశాక (ఈసీయూలో సేవ్ చేశాక) పాత లాగ్ చెత్తబుట్టకే.

బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో తీసిన లాగ్‌ల గురించి విడిగా చెప్పాలి. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ బే వేడికి ఐఏటీ సెన్సార్ (లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత కొలిచేది) 65 డిగ్రీలు చూపిస్తుంది. సిగ్నల్ వదిలాక లోపలికి వచ్చే గాలి 40 డిగ్రీలే, సెన్సార్ ఒళ్లు మాత్రం ఇంకా చల్లారలేదు. ఈసీయూ పలచటి గాలి అనుకుని ఇంధనం తగ్గిస్తుంది. లెక్క కెల్విన్‌లో: 313 ÷ 338 = 0.926. అంటే 7 శాతం పైగా లీన్ (ఇంధనం తక్కువ), అదీ వీఈ తప్పు లేకుండానే. దాన్ని వీఈలో కలిపేస్తే తెల్లవారి చల్లగాలిలో అదే గడి 7 శాతం రిచ్ (ఇంధనం ఎక్కువ) అవుతుంది. ఆగిన చోటునుంచి కదిలాక కనీసం ఒక నిమిషం నిలకడగా నడిపి, ఐఏటీ స్థిరపడ్డాక లాగ్ మొదలుపెట్టండి.

ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సంగతి. ఎన్ని పాఠాల్లో చెప్పినా మళ్లీ అదే పొరపాటు వస్తోంది, ఇంజిన్లు పోయేది కూడా ఇక్కడే, కాబట్టి విడమరిచి చెబుతాను.

వైడ్‌బ్యాండ్ సెన్సార్‌కు 14.7 (ఇథనాల్ లేని పెట్రోలుకు కావలసిన గాలి, ఇంధనం బరువుల నిష్పత్తి) అనే అంకె తెలియదు. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ మిగిలిందా, ఇంధనం మిగిలిందా, ఎంత అన్నదే అది కొలుస్తుంది. అదే ల్యాంబ్డా. గేజ్ ఆ ల్యాంబ్డాను 14.7తో గుణించి మనకు చూపిస్తుంది. ట్యాంకులో ఇథనాల్ లేని పెట్రోలు ఉన్నా, ఈ20 ఉన్నా, గేజ్ 14.7 చూపితే ల్యాంబ్డా 1.00 అన్నమాటే. ఈ20కి నిజమైన బరువుల నిష్పత్తి సుమారు 13.5. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఆ 9 శాతం వీఈలోనో, ఈసీయూలోని స్టాయిక్ (ల్యాంబ్డా 1.00కి సరిపోయే నిష్పత్తి) సెట్టింగ్‌లోనో కనిపిస్తుంది. గేజ్ మీద కనిపించదు, కనిపించకూడదు కూడా.

ఇది తెలియక సగం దూరం మార్చినవారికి ఏమవుతుందో చూడండి. బూస్ట్ టార్గెట్ 11.8 అని 14.7 కొలమానంలో రాసి ఉంది, అంటే ల్యాంబ్డా 0.80. మీరు సెన్సార్ స్కేల్‌ను మాత్రం 13.5కి మార్చారు. ఇప్పుడు తెరమీద 11.8 రావాలంటే నిజమైన ల్యాంబ్డా 11.8 ÷ 13.5 = 0.874 కావాలి. తెర మీద అంతా పచ్చగా ఉంటుంది, లోపల ఇంజిన్ 9 శాతం లీన్‌గా బూస్ట్ మోస్తుంటుంది. నాక్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు లేకుండా పేలడం) అక్కడ మొదలవుతుంది. తిరగేసి చేస్తే, టార్గెట్‌ను 10.8కి మార్చి స్కేల్‌ను 14.7గానే వదిలేస్తే, 10.8 ÷ 14.7 = 0.735. నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, సిలిండర్ గోడలమీది ఆయిల్‌ను ఇంధనం కడిగేయడం. క్రూజ్‌లోనూ అంతే: టార్గెట్ 14.7, స్కేల్ 13.5 అయితే ల్యాంబ్డా 1.089. కారు నిలకడ వేగంలో ఊగుతూ పోతుంటే ప్లగ్గులు మార్చినవారు, కాయిల్స్ మార్చినవారు ఉన్నారు. కారణం తెరమీది ఒక్క అంకె.

పరిష్కారం: సాఫ్ట్‌వేర్‌లో టార్గెట్, గేజ్, లాగ్ అన్నిటినీ ల్యాంబ్డాలోకి మార్చేయండి. ఇకనుంచి ఈ పాఠాల్లో టార్గెట్‌లను నిష్పత్తి అంకెల్లో రాయను.

సెన్సార్ వైర్ల గురించి ఒక్క మాట. అనలాగ్ వైరుతో ఈసీయూకి కలిపినవారు గేజ్ అంకె, లాగ్ అంకె పక్కపక్కన పెట్టి చూడండి. 0 నుంచి 5 వోల్టులకు 10 నుంచి 20 చూపే గేజ్‌లో గ్రౌండ్ దగ్గర 0.1 వోల్టు తేడా ఉన్నా అంకె 0.2 జరుగుతుంది. సిగ్నల్ గ్రౌండ్ ఈసీయూ సెన్సార్ గ్రౌండ్‌కే వెళ్లాలి, బాడీకి కాదు.

ఇక బూస్ట్. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ చూడండి. బెంగళూరులో సుమారు 91 కేపీఏ, చెన్నైలో 101 దగ్గర ఉండాలి. బెంగళూరులో 101 చూపిస్తే మ్యాప్ సెన్సార్ కాలిబ్రేషన్ తప్పు, అది సరిచేసేదాకా ఇంకేమీ చేయవద్దు. ఫోన్‌లో వాతావరణ యాప్ చూపే 1012తో పోల్చకండి, అది సముద్రమట్టానికి సవరించిన అంకె.

తర్వాత ఇంధన పీడనం. రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీసేస్తే 3.0 బార్, చేతిపంపుతో ఆ గొట్టంలోకి 0.6 బార్ ఎక్కిస్తే 3.6 రావాలి. రాకపోతే బూస్ట్‌లో ఇంజెక్టర్ మీద తేడా పీడనం 2.4కి పడిపోతుంది. ప్రవాహం వర్గమూలం లెక్కన తగ్గుతుంది కాబట్టి దాదాపు 11 శాతం తక్కువ. దీన్ని వీఈ పెంచి కప్పిపుచ్చకండి.

వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను హద్దులో ఉంచే వాల్వ్) స్ప్రింగ్ పీడనం ఒక్కటే వాడండి, బూస్ట్ కంట్రోలర్ తీసి పక్కన పెట్టండి. ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది, గ్యాప్ 0.7 మిమీ. టార్గెట్ ల్యాంబ్డా 100 కేపీఏ దగ్గర 0.88, 120 దగ్గర 0.85, 140 దగ్గర 0.82, 160 దగ్గర 0.79. ఈ ఇంజిన్ కంప్రెషన్ 9.5 కాబట్టి రిచ్ వైపే ఉంటాను. ఇంకా లీన్‌గా నాలుగు గుర్రాలు ఎక్కువ వస్తాయి, వాటికోసం పిస్టన్ పణం పెట్టడం నాకిష్టం లేదు. ఇగ్నిషన్ టైమింగ్ మీరు అనుకున్నదానికంటే 4 డిగ్రీలు వెనక్కి పెట్టి మొదలుపెట్టండి. ఆటోట్యూన్ బూస్ట్‌లో వద్దు. ఫుల్ థ్రాటిల్ పుల్స్ (ఒకే గేర్‌లో కాలు పూర్తిగా నొక్కి ఆర్‌పీఎం పెంచడం) డైనో (ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) మీదో, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదో చేయండి, హైవే మీద ఎంత తెల్లవారుజామైనా చేయకండి. మూడో గేర్, 2500 నుంచి మొదలు, మొదటిసారి 4000 దగ్గర వదిలేయండి, లాగ్ చూసి గడులు సరిచేసి తర్వాత 5000. 120 కేపీఏ పైన 0.88 దాటితే అక్కడే కాలు తీసేయాలి.

బూస్ట్‌లో ల్యాంబ్డా ఒక్కసారిగా 0.80 నుంచి 1.2కి ఎగిరి మళ్లీ దిగితే ఇంధనం కలపకండి. అది మిస్‌ఫైర్. మండని గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సార్ లీన్ అనుకుంటుంది. ఇంధనం పెంచితే మిస్ ఇంకా పెరుగుతుంది. ప్లగ్ గ్యాప్, కాయిల్ డ్వెల్ (కాయిల్‌కు కరెంటు ఎక్కే సమయం) చూడండి.

పై వరుసలు నింపడంలో ఇంకో పొరపాటు. 150 కేపీఏ వరుసలో వీఈ 88 ఉందని 160 ÷ 150తో గుణించి 160 వరుసలో 94 పెడుతున్నారు. స్పీడ్ డెన్సిటీలో (ఆర్‌పీఎం, మ్యాప్, గాలి ఉష్ణోగ్రతలతో గాలిని లెక్కించే పద్ధతిలో) పీడనంతో గుణకారం ఈసీయూ ముందే చేసేసింది. కింది వరుసల వాలు చూసి, దానిమీద 3 శాతం మాత్రమే కలిపితే చాలు.

బెంగళూరులో బాగున్న కారు చెన్నైలో ఎందుకు నాక్ అవుతోందని అడిగినవారికి ఇక్కడే జవాబు. 0.6 బార్ స్ప్రింగ్ బెంగళూరులో 91 + 60 = 151 కేపీఏ ఇస్తుంది, చెన్నైలో 161. బెంగళూరులో ఎన్ని పుల్స్ చేసినా ఆ 161 వరుస ఇంజిన్ చూడలేదు, ఆ వరుస ఇగ్నిషన్ కూడా పరీక్షకు రాలేదు. ఇంజెక్టర్ కూడా చూడండి: 6500 ఆర్‌పీఎంలో ఒక చక్రానికి 18.46 మిల్లీసెకన్లు. బెంగళూరులో ఇంజెక్టర్ 14.6 తెరుచుకుంటే డ్యూటీ (చక్రంలో తెరిచి ఉన్న భాగం) 79 శాతం. డెడ్ టైమ్ (ఇంజెక్టర్ తెరుచుకోవడానికే పోయే సమయం) 1.0 తీసేసి 161 ÷ 151తో గుణించి మళ్లీ కలిపితే 15.5, అంటే 84 శాతం. 85 నా హద్దు.

దీనికంటే ప్రమాదకరమైన సెట్టింగ్ ఇంకొకటి ఉంది. కొన్ని ఈసీయూల్లో మ్యాప్‌ను స్థిరమైన 100తో భాగించాలా, ఆ రోజు బారోతో (బయటి వాతావరణ పీడనంతో) భాగించాలా అని ఎంపిక ఉంటుంది. బారో ఎంచుకుని బెంగళూరులో ట్యూన్ చేస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బారో కదలదు. చెన్నైలో అదే మ్యాప్‌కు 91 ÷ 101, అంటే 10 శాతం తక్కువ ఇంధనం పడుతుంది. 0.80 కాస్తా 0.89 అవుతుంది. టర్బో స్పీడ్ డెన్సిటీలో స్థిరమైన 100 ఎంచుకోండి, ఎంచుకున్నాక వీఈ మొత్తం మళ్లీ సరిచూడండి.

అభ్యాసం. కోలార్, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్లే దారి దీనికి బాగా పనికొస్తుంది. ఈజీఓ ఆఫ్ చేసి, కోలార్ దాటాక సమతలంగా ఉన్నచోట 2500 ఆర్‌పీఎం, 60 కేపీఏ దగ్గర నిలకడగా రెండు నిమిషాలు లాగ్ చేయండి. మొగిలి ఘాట్ దిగాక చిత్తూరు దగ్గర ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. విడి బారో సెన్సార్ లేని ఈసీయూ కీ ఆన్ అయినప్పుడే కొత్త బారో చదువుతుంది. అదే ఆర్‌పీఎం, అదే కేపీఏ దగ్గర మళ్లీ రెండు నిమిషాలు. ల్యాప్‌టాప్ పక్కన కూర్చున్నవారి పని, నడిపేవారిది కాదు. ల్యాంబ్డా 2 శాతంలోపు మారితే సరే. 6, 7 శాతం లీన్ అయితే మీ బారో సెట్టింగ్ పైన చెప్పినదే.

ఇంటి దగ్గర కాగితం మీద ఇవి చేయండి. 3000 ఆర్‌పీఎం, 60 కేపీఏ, వీఈ 71, ల్యాంబ్డా 1.00, టార్గెట్ 1.00, ఈజీఓ 106. 4500, 148 కేపీఏ, వీఈ 84, ల్యాంబ్డా 0.86, టార్గెట్ 0.81, ఈజీఓ ఆఫ్. 5500, 150 కేపీఏ, వీఈ 87, ల్యాంబ్డా 0.80, 1.18, 0.82. ఈ మూడింటిలో ఏది సవరించాలి, ఎంతకు, ఏది వదిలేయాలి, ఎందుకు? తర్వాత మీ సొంత టేబుల్ తీసుకుని 0.6 బార్‌కు 161 కేపీఏ వరుస మొత్తం, 2500 నుంచి 6500 దాకా, ఇంజెక్టర్ డ్యూటీతో సహా నింపండి. అది చేతిలో ఉంటేనే 7వ పాఠంలో ఇగ్నిషన్ మొదలుపెట్టగలం.