జిలేబీ చేపకు ఈక ఎర
బందరు కాలువలో జిలేబీలకు (తిలాపియా చేపలకు) 12 నంబరు గాలం చాలు. నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కొట్లో తికమక పడకండి. దారం కట్టే రంధ్రం దగ్గర మొదలుపెట్టి వంపు దాకా నల్ల కుట్టుదారం బిగువుగా చుట్టండి. కోడిపుంజు మెడ ఈక ఒకటి తీసుకుని కొసను దారంతో అదిమి, ఈకను గాలం చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పండి. ఎక్కువ చుడితే బొద్దుగా తయారై తేలిపోతుంది; అందరూ చేసే తప్పిదే. మూడు ముళ్లు వేసి, గోళ్ల రంగు చుక్క పెట్టి ఆరనివ్వాలి. లేకపోతే నాలుగు చేపలకే విడిపోతుంది.

బెండుకు రెండడుగుల కింద కట్టి నాచు అంచున వదలండి. చలికాలం పొద్దున్నే చేప మందకొడిగా ఉంటుంది: బెండు మునగదు, మెల్లగా పక్కకు జరుగుతుంది. అప్పుడే మణికట్టుతో చిన్నగా లాగాలి. చిన్న వానపాము ముక్క కూడా గుచ్చితే మరీ మంచిది, అది పద్ధతి కాదనేవాళ్లను అననివ్వండి.